సున్నం వేస్తున్నది ఎవరు? రెండు కాలాల గోథిక్ మిస్టరీ నవల రాయడానికి సమగ్ర మార్గదర్శి

కూలిపోతున్న భవంతి. పైకప్పు పెచ్చులు ఊడుతున్నాయి, కిటికీ చట్రాలకు చెదలు పట్టాయి, మెట్ల మీద నాచు. వరండా చివర ఒక గోడ మాత్రం తెల్లగా మెరుస్తోంది. ఇల్లు అమ్మకానికి పెట్టేముందు అందులోని పాత కాగితాల జాబితా రాయడానికి వచ్చిన ఇరవై నాలుగేళ్ల అమ్మాయి ఆ గోడ ముందు ఆగి, వేలితో తాకింది. తెల్లపొడి అంటుకుంది. అంటే ఈ మధ్యనే ఎవరో సున్నం వేశారు.

ఈ వ్యాసం పొడవునా ఈ గోడనే ఉదాహరణగా వాడుకుంటాను. గోథిక్ అంటే పాత ఇల్లూ, అందులో దాగిన గతమూ, భయమూ కలిసి నడిపే కథ. అప్పుడూ ఇప్పుడూ అని రెండు కాలాల్లో నడిచే గోథిక్ మిస్టరీ రాయాలనుకునేవాళ్లు సాధారణంగా ‘అప్పుడు ఏం జరిగింది?’ అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. జవాబు తట్టగానే రాయడానికి కూర్చుంటారు. ఇన్నేళ్లూ దాన్ని దాస్తూ వచ్చింది ఎవరు, ఏం చేసి దాస్తున్నారు అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేసుకోరు. రహస్యం దానంతట అది దాగి ఉండదు. పాత ఇంటికి ఎలా మరమ్మతులు కావాలో పాత అబద్ధానికీ అలాగే కావాలి. ఆ మరమ్మతు చేసే మనిషి వర్తమానంలో బతికి ఉంటేనే మీ రెండు కాలాలూ ఒక్క కథవుతాయి. లేదంటే ఒకే అట్టల మధ్య రెండు నవలలు మిగులుతాయి. పాఠకుడు తనకు నచ్చినదాన్ని చదువుతూ రెండోదాని పేజీలు తిప్పేస్తాడు.

మొదటి అడుగు: రహస్యానికి కాపలాదారును పెట్టండి

ఒక కాగితం తీసుకుని మూడు వాక్యాలు రాయండి. నిజంగా జరిగిందేమిటి? జరిగిందని లోకం నమ్ముతున్నదేమిటి? కాపలాదారు నమ్ముతున్నదేమిటి? మూడూ వేరువేరుగా ఉండాలి. మొదటి రెండూ వేరుగా ఉంటే మామూలు మిస్టరీ తయారవుతుంది. మూడోది కూడా వేరైనప్పుడు కథకు లోతు వస్తుంది.

మన గోడ సంగతే చూద్దాం. 1971లో ఆ ఇంటి గుమస్తా డబ్బుతో పారిపోయాడని లోకం నమ్ముతుంది. ఇంటి యజమాని కూతురికి అప్పుడు పందొమ్మిదేళ్లు. ఆమె నమ్మకం వేరు. డబ్బు తీసింది ఆమె అన్న. అతను ఊరు దాటేదాకా గుమస్తా నోరు విప్పకూడదని ఆ రాత్రి అతన్ని ఖజానా గదిలో పెట్టి గొళ్లెం వేసింది ఆమే. ఒక్క రాత్రికే అనుకుంది. తెల్లారేసరికి ఆమె తండ్రి ఆ గుమ్మానికి గోడ కట్టించేశాడు. ఆమె నోరు మెదపలేదు. గోడ వెనక శవం ఉందనుకుంటూ నలభై ఎనిమిదేళ్లుగా ఏటా దానికి తన చేత్తోనే సున్నం వేస్తోంది. ఇక నిజం ఏమిటంటే, గోడ వెనక ఎవరూ లేరు. ఆ గది ఒకప్పుడు స్నానాల గది. నేల కింద నీళ్లు పోయే పాత తూము ఉంది. గుమస్తా ఆ రాత్రే అందులోంచి పాకుతూ బయటపడి, వేరే పేరుతో వేరేచోట బతికాడు. జాబితా రాయడానికి వచ్చిన అమ్మాయి అతని మనవరాలే. ఆ సంగతి ఆమెకు తెలియదు.

ఖాళీ గదికి నలభై ఎనిమిదేళ్ల కాపలా! ఇది దొరికాక గతం అవతలి ఒడ్డున పడి ఉండదు, వర్తమానంలో ప్రతి ఏడూ సున్నం బకెట్ పట్టుకుని నడిచొస్తుంది. మీ కథలో కాపలాదారు కొడుకు కావచ్చు, వకీలు కావచ్చు, ఒక ట్రస్టు కావచ్చు. నిజం బయటపడితే వాళ్లు ఏదో ఒకటి కోల్పోవాలి. డబ్బు కన్నా, తమ గురించి తాము చెప్పుకునే కథ పోవడమే ఎక్కువ నొప్పి అని నా అభిప్రాయం.

ఇంకో ప్రశ్న కూడా తేల్చుకోండి. బయటపడ్డవాడు తిరిగొచ్చి నిజం ఎందుకు చెప్పలేదు? ఈ తరహా నవలల్లో సగం ఇక్కడే కూలిపోతాయి. మన గుమస్తా అంతకు రెండేళ్ల ముందు తనూ చిన్న మొత్తాల్లో లెక్కలు తారుమారు చేశాడు. నోరు విప్పితే అదీ బయటపడుతుంది. బాధితుడికీ ఒక మచ్చ ఉండటం గోథిక్‌కు బాగా నప్పుతుంది.

రెండో అడుగు: ఇంటి నక్షా గీయండి

గోథిక్ నవలకూ మామూలు డిటెక్టివ్ నవలకూ తేడా ఇక్కడే. డిటెక్టివ్ కథలో చోటు మారినా కథ నిలుస్తుంది. గోథిక్‌లో ఇంటిని తీసేస్తే ఏమీ మిగలదు. ఈ జాతి నవలలకు మొదటిదిగా చెప్పే హొరేస్ వాల్‌పోల్ రచన ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ 1764లో వచ్చింది. దాని పేరే ఒక కోట పేరు. అందులో కథంతా తాతలు చేసిన అన్యాయం వారసుల నెత్తిన పడటమే. వాల్‌పోల్ మొదటి ముద్రణలో తన పేరు వేసుకోలేదు. 1529లో నేపుల్స్‌లో అచ్చయిన పాత పుస్తకం దొరికితే దానికి చేసిన అనువాదమని ముందుమాటలో నమ్మించాడు. మరుసటి ఏడాది రెండో ముద్రణలో తానే రాశానని ఒప్పుకుని ‘గోథిక్ కథ’ అన్న ఉపశీర్షిక చేర్చాడు. అంటే ‘దొరికిన పాత ప్రతి’ అనే ఉపాయం ఈ సాహిత్యంలో మొదటినుంచీ ఉంది. రెండు కాలాల ముడి మీరు కొత్తగా వేస్తున్నది కాదు.

నక్షా గీసేటప్పుడు రెండు గీయండి. ఒకటి అప్పటిది, ఒకటి ఇప్పటిది. అప్పుడు ఉండి ఇప్పుడు లేని గుమ్మం, అప్పుడు తోటగా ఉండి ఇప్పుడు ముళ్లపొదైన చోటు, ఏదో పేరు పోగొట్టుకుని స్టోర్‌రూమ్ అయిపోయిన గది. ఈ తేడాలే మీ ఆధారాలు. మా గోడ కథలో రెండు నక్షాలనూ ఒకదానిమీద ఒకటి పెడితే వరండా ఎనిమిది అడుగులు పొట్టిగా కనిపిస్తుంది. నేల కింది తూము పాత నక్షాలో ఒక చుక్కల గీతగా ఉంటుంది. పాఠకుడికి ఆ నక్షాను మూడో అధ్యాయంలోనే చూపించేస్తాను, వేరే కారణం మీద.

గదులు ఎక్కువ పెట్టకండి. అయిదు చాలు. ప్రతి గదీ రెండు కాలాల్లోనూ కనీసం ఒక్కోసారి రావాలి, వచ్చిన ప్రతిసారీ వేరే అర్థంతో.

మూడో అడుగు: క్యాలెండరు. దీన్ని దాటవేయకండి

విల్కీ కాలిన్స్ ‘ది వుమన్ ఇన్ వైట్’ 1859-60లో ధారావాహికగా వచ్చి పాఠకులను ఊపేసింది. దాని రహస్యమంతా ఒక్క తేదీ మీద నిలబడి ఉంటుంది. ఒక స్త్రీ ప్రయాణం చేసిన రోజు, మరొక స్త్రీ చనిపోయిన రోజు పక్కపక్కన పెడితే కుట్ర బయటపడుతుంది. పుస్తకంగా వచ్చాక 1860 అక్టోబరులో ‘ది టైమ్స్’ పత్రిక సమీక్షకుడు తేదీలు లెక్కేసి చూశాడు. రెండు వారాల తేడా కనిపించింది. కాలిన్స్ 1861 ముద్రణలో సరిదిద్దుకోవాల్సి వచ్చింది. అంతటి నేర్పరికే తప్పలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ ఎమిలీ బ్రాంటే ‘వుదరింగ్ హైట్స్’, 1847. మొదటి మాటే 1801 అన్న సంవత్సరం. కథ అక్కడినుంచి ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు వస్తుంది. పుస్తకంలో సంవత్సరం నేరుగా చెప్పిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా 1926లో సి.పి. శాంగర్ అనే న్యాయవాది కూర్చుని లెక్క కడితే పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు దాదాపు అన్నీ ఒక వరసలో పడ్డాయి. ఆస్తి చేతులు మారిన తీరు ఆనాటి చట్టానికి సరిపోయింది. పైకి తుపానులా కనిపించే నవల అడుగున అంత పకడ్బందీ లెక్క ఉంది.

మీరు చేయాల్సింది ఇదీ. అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా పాత్రలు పెట్టి పట్టిక గీయండి. ప్రతి గడిలో వయసు వేయండి. మన కథలో 1971లో పందొమ్మిదేళ్ల అమ్మాయికి 2019లో అరవై ఏడు. ఇంకా నిచ్చెన ఎక్కి సున్నం వేయగలదు, కానీ కష్టంగా. గుమస్తాకు అప్పుడు ముప్పై. అతని కూతురు 1973లో, మనవరాలు 1995లో పుట్టారు. తాత 2007లో పోయేనాటికి మనవరాలికి పన్నెండేళ్లు, గుర్తుండే వయసే. ఈ అంకెల్లో ఒక్కటి అయిదేళ్లు జరిగినా కథ కదిలిపోతుంది. గతాన్ని 1921కి నెడితే కాపలాదారు బతికి ఉండదు. అప్పుడు కాపలా వారసత్వంగా రావాలి, అది వేరే నవల. వందేళ్ల దూరం బాగుంటుందని చాలామంది ఊరికే వెనక్కి జరిపేస్తారు. కాపలాదారు ఆయుష్షే మీ రెండు కాలాల మధ్య దూరాన్ని నిర్ణయించాలి.

ఇంకా వెనక్కి వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. బ్రిటన్ 1752లో క్యాలెండరు మార్చుకున్నప్పుడు సెప్టెంబరు 2 తర్వాతి రోజు సెప్టెంబరు 14 అయింది. అంతకుముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రష్యా మారింది 1918లో. మీ కథ ఆ దేశాల్లో ఆ రోజుల్లో నడిస్తే ఉత్తరాల మీది తేదీలు మిమ్మల్ని పడగొట్టొచ్చు, లేదా మంచి క్లూ ఇవ్వొచ్చు.

రెండు కాలాలకూ గడువు పెట్టండి. గతం పదకొండు రోజులు, వర్తమానం ఇల్లు చేతులు మారేదాకా తొమ్మిది రోజులు. గతం ఏళ్లతరబడి సాగితే అది కుటుంబ చరిత్రగా మారి బిగువు పోతుంది.

నాలుగో అడుగు: గతాన్ని ఎవరి నోట చెప్పిస్తారు?

దారులు మూడు. పాత్రలకు దొరికే కాగితాలు: డైరీ, ఉత్తరాలు, లెక్కల పుస్తకం. లేదా గతంలోని మనిషి దృష్టికోణంలో నేరుగా నడిచే అధ్యాయాలు. లేదా వర్తమానంలో ఒక ముసలి మనిషి చెప్పే జ్ఞాపకం.

డైరీ దగ్గర జాగ్రత్త. నేను మొదట రాసిన నవలలో నలభై పేజీల డైరీ పెట్టాను. చావుబతుకుల్లో ఉన్న మనిషి అంత తీరికగా, సంభాషణలతో సహా ఎలా రాసిందని చదివిన స్నేహితురాలు అడిగింది. జవాబు లేదు. కాగితం కాగితంలాగే ఉండాలి. సగం చిరిగి ఉంటుంది, రాసినవాడికి తెలిసిన సంగతులు వివరించదు, ముఖ్యమైనది వదిలేస్తుంది. ఇప్పుడు నాకు లెక్కల పుస్తకమంటే ఇష్టం. చిట్టాలో ఒక అంకె కొట్టేసి పక్కన ఇంకో అంకె వేసి ఉంటే చాలు, పేజీ నిండా రాసిన విలాపం కన్నా ఎక్కువ చెబుతుంది.

కాగితం మీద ఆధారపడితే దాని సైన్సు కూడా తెలుసుకోవాలి. ఓక్ చెట్టు బుడిపెలతో, ఇనుప లవణంతో చేసిన పాత సిరా రాయగానే ముదురుతుంది. దశాబ్దాలకు గోధుమరంగుకు తిరుగుతుంది, ఒక్కోసారి అక్షరం ఉన్నచోటే కాగితాన్ని తినేస్తుంది. గుడ్డ పీలికలతో చేసిన పాత కాగితం గట్టిది. పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి వచ్చిన కలప గుజ్జు కాగితం పసుపెక్కి పెళుసవుతుంది. బాల్‌పాయింట్ పెన్ను అమ్మకానికి విరివిగా వచ్చింది 1945 నుంచి. 1950ల నుంచి కాగితంలో తెలుపు కోసం కలుపుతున్న రసాయనాలు అతినీలలోహిత కాంతిలో నీలంగా వెలుగుతాయి. అంటే 1930 నాటిదని చెప్పే వీలునామా చీకట్లో ఆ దీపం కింద వెలిగిందంటే అది దొంగది. విషం కథల్లో 1836 గుర్తుపెట్టుకోండి. ఆ ఏడు జేమ్స్ మార్ష్ ప్రకటించిన పరీక్షతో శరీరంలోని అతి కొద్ది ఆర్సెనిక్‌ను కూడా పట్టుకోవడం సాధ్యమైంది. అంతకుముందు నడిచే కథలో హంతకుడికి ఉన్న ధైర్యం ఆ తర్వాత ఉండదు.

నా గోడ కథలో గతం అధ్యాయాలు పందొమ్మిదేళ్ల అమ్మాయి వైపు నుంచి, ‘ఆమె’ అని చెప్పే ప్రథమ పురుషలో నడుస్తాయి. ఆమెకు తెలియనిది పాఠకుడికీ తెలియదు. గది ఖాళీ అన్న సంగతి దాచడానికి నేను ఏ మోసమూ చేయక్కర్లేదు. ఇది పెద్ద సుఖం. దీనికి ఎదురుగా, ఆన్ రాడ్‌క్లిఫ్ 1794 నాటి ‘ది మిస్టరీస్ ఆఫ్ ఉడోల్ఫో’లో నాయిక ఒక నల్ల ముసుగు ఎత్తి చూసి మూర్ఛపోతుంది. చూసిందేమిటో మనకు చెప్పకుండా రచయిత్రి వందల పేజీలు నడుపుతుంది. చివరికి అది మైనపు బొమ్మ అని తేలుతుంది. పాత్ర కళ్లకు కనిపించింది పాఠకుడి కళ్లకు కనిపించకుండా చేయిపెట్టి మూస్తే వాళ్లు క్షమించరు. పాత్రే పొరపడితే మాత్రం క్షమిస్తారు.

అయిదో అడుగు: అల్లిక

ఒక అధ్యాయం ఇప్పటిది, ఒకటి అప్పటిది అని జడలా అల్లేయడం సులువు. మూడోసారికే పాఠకుడికి లయ తెలిసిపోతుంది, ప్రతి అధ్యాయం చివరా కొండ అంచున వేలాడదీస్తారని ముందే సిద్ధపడతాడు. కాలం మారే ప్రతిచోటా దానికి తగిన కారణం ఉండాలి.

కాలం మార్చడానికి మంచి కారణాలు నాకు మూడు కనిపిస్తాయి. ఒక వస్తువు రెండు వైపులా ఉండటం ఒకటి. ఇప్పుడు తుప్పు పట్టిన గొళ్లెం, అప్పుడు నూనె రాసిన గొళ్లెం. అందంగా ఉంటుంది, కానీ తరచుగా వాడితే గిమ్మిక్కు అనిపిస్తుంది. ప్రశ్న, జవాబు రెండోది. అమ్మాయి అడిగింది, గతం చెప్పింది. ఇది అవసరమే గానీ చప్పగా ఉంటుంది. మూడోది ఖండన. ముసలావిడ ‘ఆ రాత్రి నేను ఇంట్లోనే లేను’ అంటుంది. పేజీ తిప్పగానే ఆ రాత్రి ఆమె వరండాలో లాంతరు పట్టుకుని నిలబడి ఉంటుంది. ఎవరూ ఏమీ వివరించకుండానే పాఠకుడు వేడెక్కుతాడు. ఇప్పుడు అతనికి నాయిక కన్నా ఎక్కువ తెలుసు, ఆమె ఆ ముసలావిడ చేతి కాఫీ తాగుతుంటే అతని గుండె కొట్టుకుంటుంది. వీలైనన్ని మార్పులు ఖండన మీద నడపండి.

ఇది అదుపులో ఉండాలంటే ఇంకో పట్టిక కావాలి. ప్రతి అధ్యాయం చివర పాఠకుడికి ఏం తెలుసు, నాయికకు ఏం తెలుసు, కాపలాదారుకు ఏం తెలుసు, ఈ మూడూ రాసుకోండి. ఒక అధ్యాయం తర్వాత మూడు గడుల్లో ఏదీ మారకపోతే ఆ అధ్యాయం ఎంత అందంగా ఉన్నా తీసేయాల్సిందే. నాయిక పాఠకుడికన్నా మరీ వెనకబడితే తెలివితక్కువదిగా కనిపిస్తుంది. రెండు అధ్యాయాలకు మించి వెనక ఉంచకండి. ఒకట్రెండు చోట్ల ఆమే ముందుండాలి. ఆమె చిట్టాలో ఏదో చూసి ఒక్కసారిగా పుస్తకం మూసేస్తుంది, అదే పేజీ మనమూ చూశాం, మనకేమీ అర్థం కాలేదు. ఇది మోసం కాదు. పేజీ మన ముందే ఉంది.

వర్తమానానికి ఎక్కువ పేజీలు ఇవ్వండి, దాదాపు అయిదింట మూడు వంతులు. రాయడానికి గతమే రుచిగా ఉంటుంది, లాంతర్లు, పట్టు పరదాలు, వాన. అందుకే అది మింగేస్తుంది. వర్తమానంలోని అమ్మాయికి కాగితాలు చదవడం తప్ప పని లేకపోతే ఆమె పాత్ర కాదు, గ్రంథాలయం. ఆమెకు ఈ తొమ్మిది రోజుల్లో పోగొట్టుకోదగ్గది ఏదైనా ఉండాలి.

ఆరో అడుగు: భయం

రాడ్‌క్లిఫ్ చనిపోయాక 1826లో అచ్చయిన ఒక వ్యాసంలో ఆమె భీతికీ జుగుప్సతో కూడిన భయానికీ తేడా చెప్పింది. మొదటిది మనసును విప్పార్చి ఇంద్రియాలన్నిటినీ మేలుకొలుపుతుంది, రెండోది బిగదీసి గడ్డకట్టిస్తుంది అని ఆమె వాదన. రాసేవాళ్లకు ఇది చాలా పనికొచ్చే మాట. రక్తం చూపిస్తే పాఠకుడు చూపు తిప్పుకుంటాడు. ఖాళీ గది తలుపు అంగుళం తెరిచి ఉందంటే ముందుకు వంగుతాడు.

దయ్యం ఉందా లేదా అన్నది మీరు ముందే తేల్చుకోవాలి. ఉంది, లేదు, చెప్పం: ఈ మూడిట్లో ఒకటి. పాఠకుడికి చెప్పకపోయినా రాసేవాళ్లకు తెలియాలి. లేదనుకుంటే వివరణ ముందునుంచీ ఇంట్లోనే ఉండాలి. 1921లో విలియం విల్మర్ అనే కంటి వైద్యుడు ఒక వైద్య పత్రికలో ఒక కుటుంబం సంగతి రాశాడు. పాత పెద్ద ఇంట్లోకి మారాక వాళ్లకు తలనొప్పులు, రాత్రిళ్లు అడుగుల చప్పుడు, గదిలో మనుషుల ఆకారాలు. మొక్కలు వాడిపోయేవి. చివరికి కారణం ఇంటిని వెచ్చబరిచే పాడైన కొలిమి నుంచి ఇంట్లోకి వస్తున్న కార్బన్ మోనాక్సైడ్ అని తేలింది. 1998లో విక్ టాండీ అనే ఇంజనీరు ఇంకో అనుభవాన్ని ప్రచురించాడు. ప్రయోగశాలలో కంటి అంచున బూడిదరంగు ఆకారం, వెన్నులో వణుకు. అక్కడ కొత్తగా బిగించిన ఫ్యాను చెవికి వినపడనంత తక్కువ స్థాయిలో, సెకనుకు సుమారు 19 కంపనాల ధ్వని పుట్టిస్తోందని అతను గుర్తించాడు. ఫ్యాను ఆపితే అంతా పోయింది. ఇలాంటి వివరణ వాడితే వాడిపోయిన మొక్కలో, కొత్త ఫ్యానో మొదటి అధ్యాయాల్లోనే ఊరికే పక్కన కనపడాలి.

నా గోడ వెనక రాత్రిళ్లు శబ్దం వస్తుంది. తూములో కదిలే గాలి. ముసలావిడకు మాత్రం అది నలభై ఎనిమిదేళ్లుగా ఒక మనిషి ఊపిరి. ఆ శబ్దమే మనిషి ఎలా బయటపడ్డాడో కూడా చెబుతుందని, ఆమె విన్న భయమే ఆమెకు విముక్తి అని, చివరిదాకా ఎవరికీ తట్టదు.

ఏడో అడుగు: ఆధారాలు, ముఖ్యంగా తెలుగులో

పెద్ద ఆధారాన్ని మొదటి యాభై పేజీల్లో, పాఠకుడు వేరేదాని మీద దృష్టి పెట్టిన చోట పెట్టండి. మన అమ్మాయి మొదటి అధ్యాయంలో సత్రం గది తలుపు తెరిచే ఉంచి పడుకుంటుంది. చిన్నప్పటి అలవాటు, తాతయ్య ఇంట్లో ఏ తలుపూ మూయనిచ్చేవాడు కాదు అంటుంది. మనం ఆమె ధైర్యాన్ని చూసి నవ్వుకుని ముందుకెళ్తాం. రెండో ఆధారం ఏడు అంకె. ఆమె ఏడుకు నడుమ అడ్డగీత గీస్తుంది, తాత నేర్పాడు. చిట్టాలోనూ ప్రతి ఏడుకీ గీత ఉంటుంది. మూడోది గోడ పెచ్చు. పాత కట్టడాలను పరిశీలించేవాళ్లు రంగు పెచ్చు అంచును సూక్ష్మదర్శిని కింద పెట్టి పొరలు లెక్కపెడతారు. ఆ ఇంట్లో మిగతా గోడలకు తొమ్మిది పొరలుంటే ఈ గోడకు నలభై ఎనిమిది. 1971 నుంచి 2018 దాకా ఏడాదికి ఒకటి. దాచడానికి వేసిన సున్నమే తేదీ చెప్పేస్తుంది.

తెలుగులో రాస్తున్నాం కాబట్టి భాష ఇచ్చే ఆయుధాలు వదులుకోకూడదు. మొదటిది ‘అట’. ఊళ్లో ప్రతి ఒక్కరూ గుమస్తా గురించి ‘డబ్బుతో పారిపోయాడట’ అంటారు. విన్న మాట కాబట్టి. ముసలావిడ ఒక్కతే ‘పోయాడు’ అంటుంది. అట లేదు. పైగా ఆ ‘పోయాడు’లో వెళ్లిపోవడమూ ఉంది, చనిపోవడమూ ఉంది. పాఠకుడు మొదటి అర్థం తీసుకుంటాడు, ఆమె రెండోది చెప్పింది. పుస్తకం రెండోసారి చదివేవాళ్లు ఇక్కడ ఆగిపోతారు.

రెండోది క్రియలో లింగం. ప్రథమ పురుషలో ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అనగానే మనిషి ఎవరో సగం తెలిసిపోతుంది. అజ్ఞాత వ్యక్తిని దాచాలంటే ఉత్తమ పురుషకు వెళ్లండి, ‘వచ్చాను’లో ఏదీ తెలియదు. లేదా ‘ఎవరో వచ్చారు’ అన్న గౌరవ బహువచనం వాడండి. అయితే అది సహజంగా ఉండే నోట మాత్రమే పెట్టాలి. పనివాళ్లు యజమానుల గురించి ‘లోపలికి వెళ్లారు’ అంటే ఎవరికీ అనుమానం రాదు. మూడోది మీరు, నువ్వు. గతం అధ్యాయాల్లో ఆమె అతన్ని ఎప్పుడూ ‘గుమస్తాగారూ, మీరు’ అనే పిలుస్తుంది. గొళ్లెం వేసిన తర్వాత తలుపుకు ఇవతల నుంచి ఒక్కసారి ‘నువ్వు భయపడకు’ అంటుంది. వాళ్లిద్దరి మధ్య ఇంకేదో ఉండేదని చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు. ప్రేమ సన్నివేశం రాయక్కర్లేదు.

రెండు కాలాల గొంతు కూడా వేరుగా వినపడాలి. దానికోసం గతాన్ని గ్రాంథికంలోకి తిప్పకండి, అరవై పేజీల తర్వాత మీకే విసుగొస్తుంది. వాక్యం పొడవు, పోలికలు తెచ్చుకునే చోటు మారిస్తే చాలు. తేదీ తీసేసి ఒక పేరా ఇస్తే ఏ కాలానిదో చదివినవాళ్లు చెప్పగలగాలి.

ఎనిమిదో అడుగు: రెండు కాలాలు కలిసే చోటు

గతంలో గోడ కట్టే దృశ్యం, వర్తమానంలో గోడ పగలగొట్టే దృశ్యం పక్కపక్కనే రావాలి. ఇక్కడ అధ్యాయాలు చిన్నవి చేయండి, రెండు పేజీలు, ఒక పేజీ, అర పేజీ. ముందు కట్టడం పూర్తవ్వాలి, ఆ తర్వాతే కూల్చడం.

గోడ పడ్డాక గది ఖాళీగా ఉంటుంది. నాయిక తెల్లబోతుంది. మీరు చూపించాల్సింది మాత్రం ముసలావిడ ముఖం. రహస్యం విప్పడం నాయిక పని, దాని బరువు మోసేది కాపలాదారు. ఆమె ఉపశమనంతో నవ్వుతుందా, తన జీవితమంతా దేనికి పోసిందో తెలిసి కూలిపోతుందా, నమ్మలేక తూములో వెతకమంటుందా? నేను చివరిదే రాస్తాను. ఆ తర్వాత ఎవరూ కూర్చుని కథంతా వివరించకూడదు. ఏడు మీది గీత, తెరిచిన తలుపు, తూము, ఇవన్నీ పాఠకుడి చేతిలో ఉన్నాయి. నాయికకు తాత సంగతి అర్థమైందని చెప్పడానికి ఆమె చిట్టా మీద వేలు ఆపడం చాలు.

తొమ్మిదో అడుగు: తిరగరాత

మొదటి చిత్తుప్రతి అయ్యాక నెల రోజులు పక్కన పెట్టండి. తర్వాత గతం అధ్యాయాలన్నీ విడిగా తీసి వరసగా చదవండి. అవి ఒక్కటిగా పూర్తి కథలా నిలబడితే ఎక్కడో ఎక్కువ చెప్పేశారు, కొంత తీసేసి వర్తమానానికి వదలండి. వర్తమానం అధ్యాయాలూ అలాగే చదవండి. గతం లేకుండా అర్థమైపోతే గతం అనవసరం, ఏమాత్రం అర్థం కాకపోతే నాయిక ఏమీ కనిపెట్టడం లేదు.

మూడోసారి కాపలాదారు వచ్చే పేజీలు మాత్రమే చదవండి, నిజం తెలిసిన కళ్లతో. ఆమె చెప్పే ప్రతి అబద్ధానికీ ఆ క్షణంలో ఒక అవసరం ఉందా? ఆమె చేసే ప్రతి పనీ ఆమె నమ్మకానికి సరిపోతోందా? శవం ఉందని నమ్మే మనిషి ఆ గోడకు వీపు ఆనించి కూర్చుంటుందా? నా చిత్తుప్రతిలో ఒకచోట ఆమె అలా కూర్చుంది. ఆ కుర్చీని వరండా ఇంకో చివరకు జరిపాను, గోడ కనపడేలా.